గిల్లిన ఆకులు

ఆ వాక్యం నేను రాయలేదు. "నీళ్ళు ఎక్కువ పోయడం వల్ల నారుకు తెగులు వచ్చినది" అని రిజిస్టరులో ఒక్క వరస రాసి కింద సంతకం పెట్టమన్నారు. పెట్టలేదు. ఇప్పుడు ఎవరైనా వచ్చి అడిగినా పెట్టను. వయసు మీద పడ్డాక కోపం తగ్గుతుందంటారు గానీ, ఈ ఒక్క విషయంలో నాకు తగ్గలేదు. తగ్గించుకునే ఉద్దేశమూ లేదు.

అరవైల చివరి మాట ఇది. నాంపల్లిలో, పబ్లిక్ గార్డెన్స్‌కు కూతవేటు దూరంలో, ఒక పాత బంగళాలో మా ఆఫీసు ఉండేది. పైర్లకు వచ్చే తెగుళ్ళను పరిశీలించే చిన్న సర్కారు ఆఫీసు. ముందు నాలుగు గదులు, ఒక పొడవాటి వరండా, వెనక కుండీలు పెట్టుకునే ఖాళీ జాగా, దాని పక్కన అద్దాల కప్పు వేసిన గది. కోఠిలో వృక్షశాస్త్రం చదువుకుని నేను అక్కడ అసిస్టెంటుగా చేరాను. అదీ టెంపరరీగా. పొద్దున్నే మొక్కల ఎత్తు కొలవాలి, ఆకుల మీద మచ్చలున్నాయేమో చూడాలి, చూసింది చూసినట్టు రిజిస్టరులో రాయాలి. మా ఇల్లు ఆబిడ్స్ వెనక సందులో. గొడుగు, టిఫిన్ డబ్బా పట్టుకుని స్టేషన్ రోడ్డు మీదుగా నడిచి వెళ్ళేదాన్ని.

ఆ ఆఫీసులో ఒక చిత్రమైన ఆనవాయితీ ఉండేది. పైనుంచి ఎవరైనా పెద్దవాళ్ళు తనిఖీకి వస్తున్నారంటే చాలు, తెగులు పట్టిన కుండీలన్నీ వెనక గోదాములోకి పోయేవి. పచ్చగా నిగనిగలాడేవి వరండాలోకి వచ్చేవి. తెగుళ్ళ ఆఫీసులో తెగులు కనపడకూడదన్నమాట! చేరిన కొత్తలో నేను ఈ సంగతి మా అమ్మకు చెప్పి పడీ పడీ నవ్వాను. అమ్మ నవ్వలేదు. "పెండ్లిసూపులప్పుడు అందరింట్ల గంతే గదా" అంది.

మా పెద్దసారు చెడ్డమనిషి కాదు. ఇది కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. ఆయనకు రైతు కష్టం తెలుసు. యాసంగి పంటకు నారు పోసే రోజుల్లో చలి బాగా ఉంటుంది. చలికి నారు ఎదగదు. రోజుల తరబడి మడిలో ముడుచుకుని కూర్చుంటుంది. దాన్ని తొందరగా పైకి లేపే ఉపాయం కోసం ఆయన వెతుకుతున్నారు. అప్పుడే జిబ్బరెల్లిన్ అనే పెరుగుదల హార్మోను చిన్న సీసాలో మా ఆఫీసుకు వచ్చింది. చిటికెడు పొడిని స్పిరిట్‌లో కరిగించి, నీళ్ళు కలిపి నారు మీద చల్లితే, వారం తిరిగేసరికి ఆకులు జానెడు పైకి లేచేవి. ఆయన ముఖం చూడాలి అప్పుడు! కొడుకు మొదటిసారి అడుగులు వేస్తే తండ్రి ముఖం ఎలా ఉంటుందో అలా ఉండేది.

ఆ మందు ఎక్కడ పుట్టిందో కూడా ఆయనే చెప్పారు. జపాన్‌లో వరికి ఒక పిచ్చి రోగం వచ్చేదట. ఆ నారు ఉన్నట్టుండి పాలిపోయి, సన్నగా, మిగతావాటి కన్నా ఎత్తుగా పెరిగి, గింజ పట్టకుండానే చచ్చిపోయేదట. ఆ రోగం తెచ్చే బూజులోనే ఈ హార్మోను దొరికిందట. నేను ఊరుకోలేక, "అంటే రోగం చేతిలో ఆయుధాన్ని తెచ్చి మనం మన పైరు మీద చల్లుతున్నామా సార్?" అన్నాను. ఆయన నవ్వి, "పాము విషంతో మందులు చెయ్యట్లేదా?" అన్నారు. జవాబు బాగానే ఉంది. నేను నోరు మూసుకున్నాను, కానీ ఆ సందేహం మాత్రం పోలేదు.

ఇక మాలీ తాత. ఆయన్ని అందరూ మాలీ అనేవారు, నేను తాత అనేదాన్ని. చాదర్‌ఘాట్ నుంచి నడిచి వచ్చేవాడు. తెల్లారేసరికే గేటు దగ్గర ఉండేవాడు. చిన్నప్పుడు ఒక నవాబుగారి దేవిడీలో, అంటే ఆయన పెద్ద భవంతిలో, తోటపని నేర్చాడు. అక్కడ నేర్చిన పని గనక ఆయనకు కొన్ని పట్టింపులుండేవి. నీళ్ళ డబ్బా మూతికి గుడ్డ కట్టి పోసేవాడు, మట్టి చెదరకూడదని. మట్టిలో వేలు పెట్టి చూశాకే నీళ్ళు పోసేవాడు. మా ఆఫీసులో ఏళ్ళ తరబడి రోజుకూలీగానే ఉండిపోయాడు. ఆ ఏడాది రోజుకూలీలను కొందరిని పర్మినెంటు చేస్తారని జాబితా తయారైంది. అందులో తాత పేరు ఉంది. ఆ మాట విన్న రోజున ఆయన ఇరానీ హోటల్ నుంచి నాకు ఉస్మానియా బిస్కెట్లు తెచ్చి పెట్టాడు.

ఆ చలికాలం కుండీల్లో రెండు వరసల నారు పెంచాం. ఒక వరసకు మందు కలిపిన నీళ్ళు, రెండో వరసకు మందు లేని నీళ్ళు చల్లాను. మట్టి ఒకటే, ఎరువు ఒకటే, విత్తనం ఒకటే. మందు చల్లినవి నిలువునా లేచాయి. చల్లనివి పొట్టిగా, ముదురు ఆకుపచ్చగా ఉండిపోయాయి. రెండు వారాలు రోజూ ఆకులు చూశాను. రోజూ "మచ్చలు లేవు" అని రాశాను. పెద్దసారు ఆ రిజిస్టరు చూసి, రైతులకు పంచే కరపత్రం రాయడం మొదలుపెట్టారు. నెలన్నరలో ఢిల్లీ నుంచి తనిఖీకి వచ్చే పెద్దాయనకు చూపించి, అచ్చుకు ఇవ్వాలని ఆయన ఆలోచన.

అంతలో తాతకు జ్వరం వచ్చి మూడు రోజులు రాలేదు. సెలవులు కలిసొచ్చి ఆ మూడు రోజులూ నేనూ వెళ్ళలేదు. నాలుగో రోజు పొద్దున నేను వెనక్కి వెళ్ళి చూశాను. పొడుగు నారు ఆకుల నిండా అగ్గితెగులు. చుట్టూ గోధుమరంగు, మధ్యలో బూడిదరంగు, నూలు కండె ఆకారంలో మచ్చలు. కొన్ని కుండీల్లో నారు మంటలో పెట్టి తీసినట్టు ఎండిపోయింది. పొట్టివాటి మీద వెతికితే అక్కడో చుక్క, ఇక్కడో చుక్క.

పెద్దసారు వచ్చారు, చూశారు, ఎర్రబడ్డారు. "నీళ్ళు! ఆ ముసలాయన కుండీలను చెరువులు చేసేశాడు. తేమకే అగ్గితెగులు వస్తుంది, నీకు తెలియదా?" అన్నారు. తేమకు వస్తుందన్న మాట నిజమే. "పొట్టివాటికి ఇంతగా రాలేదు కదా సార్" అన్నాను. "రెండు రోజులు ఆగితే వాటికీ వస్తుంది" అన్నారు. ఆగలేదు. మిగతా మొక్కలకు అంటుకుంటుందని ఆ సాయంత్రమే రెండు వరసలూ పీకించి తగలబెట్టించారు. నేను ఒకే ఒక్క మచ్చల ఆకును కాగితంలో మడిచి నా టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో అప్పటికి నాకే తెలియదు.

మర్నాడు తాత వచ్చాడు. ఖాళీ కుండీలు చూసి మెట్ల మీద కూలబడ్డాడు. పెద్దసారు ఆయన్ని పిలిచి, "తనిఖీ అయ్యేదాకా ఉండు. తర్వాత రానక్కర్లేదు" అన్నారు. జాబితాలోంచి పేరు తీసేయాలంటే కాగితం మీద కారణం ఉండాలి. ఆ కారణం నేను రాయాలి, ఎందుకంటే రిజిస్టరు నాది. అదీ సంగతి. "తనిఖీ లోపల ఒక్క ముక్క రాసి పెట్టమ్మా" అని చెప్పి ఆయన వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం నేను అన్నం తింటుంటే తాత వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"నీకొక మాట జెప్పాలె బిడ్డా. నేను తప్పు జేసిన" అన్నాడు.

"నీళ్ళు ఎక్కువ పోశావా?"

"అరె, నీళ్ళ మాట కాదు. ఆకులు గిల్లిన."

మెల్లగా చెప్పాడు. రెండు వారాల నుంచీ ఆకుల మీద మచ్చలు వస్తున్నాయి. రోజూ తెల్లవారగానే, నేను రాకముందే, మచ్చ పడ్డ ఆకునల్లా గోటితో గిల్లి పొయ్యిలో వేసేవాడు. "దేవిడీల గట్లనే నేర్పిన్రు. మెహమాన్ల కండ్లకు ఎండుటాకు వడొద్దు. వడితే మాలీకి సిగ్గు. గీడ గూడ ఎవరన్న వస్తుంటె ఖరాబైనయన్ని లోపల వెడ్తరు గద. నేను గదే జేసిన" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. రెండు వారాలు నేను "మచ్చలు లేవు" అని రాసిందంతా ఈయన గోటి చలవ! కొలబద్ద పట్టుకుని, ఏదో పెద్ద శాస్త్రవేత్తలా తిరిగినదాన్ని, ఆకుల కొనలు లేవని చూసి కూడా ఏ మిడతో కొరికిందనుకున్నాను. ఆయన మీద అరిచాను. తప్పే, కానీ అరిచాను. ఆయన తల వంచుకుని విన్నాడు. చివరికి, తనను తాను సమర్థించుకోవడానికన్నట్టు ఒక మాట అన్నాడు.

"అన్నిట్ల గిల్లలే బిడ్డా. గా పొడుగువాటికే గిల్లిన. పొట్టివాటికి గిల్లే పనే వడలే."

తింటున్న ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "మళ్ళీ చెప్పు తాతా" అన్నాను. మళ్ళీ చెప్పాడు. రెండు వరసలకూ నీళ్ళు పోసింది ఈయనే. అదే డబ్బా, అదే గుడ్డ, అదే చెయ్యి. నీళ్ళే కారణమైతే పొట్టివాటికీ గిల్లాల్సి వచ్చేది. ఆయన తప్పు ఒప్పుకుంటూ ఆయనకు తెలియకుండానే తన తరఫు సాక్ష్యం చెప్పేశాడు.

కానీ అందులో ఒక చిక్కు ఉంది. ఈ సాక్ష్యం బయటపెట్టాలంటే ఆకులు గిల్లిన సంగతీ బయటపెట్టాలి. పెద్దసారుకు ఇంకో కారణం దొరికినట్టవుతుంది. ఆ మాటే తాతకు చెప్పాను.

"గిల్లిన్నని చెప్పు. గది నిజమే. నీళ్ళు ఎక్కువ వోసిన్నని మాత్రం రాయకు. యాభై ఏండ్లాయె ఈ చెయ్యి నీళ్ళు వట్టి. దీని మీద మాట రావొద్దు" అన్నాడు. ఆ చెయ్యి నా ముందు చాపాడు. నాకు ఏడుపు వచ్చింది. ఏడుపు వస్తే నాకు వెంటనే కోపం కూడా వస్తుంది.

ఆ కోపంలోనే మా ఇంటి మిద్దె మీద వరి మొలిచింది. సందులో ఇల్లిల్లూ తిరిగి పన్నెండు వనస్పతి డబ్బాలు పోగుచేశాను. ఆఫీసు నారు పెరిగిన మట్టినే తెచ్చి నింపాను. ఆఫీసులో తనిఖీ కోసం కొత్త నారు పోశారు. దానికి చల్లిన తర్వాత మిగిలిన మందు నీళ్ళు పారబోయకుండా సిరా సీసాలో పట్టుకొచ్చాను. దొంగతనమే అంటారా, అనండి. ఆరు డబ్బాలకు మందు చల్లాను, ఆరింటికి మందు లేని స్పిరిట్ నీళ్ళు చల్లాను. ఒకటి విడిచి ఒకటి పేర్చాను. నీళ్ళు మాత్రం నేను ముట్టలేదు. రోజూ సాయంత్రం ఆఫీసు అయ్యాక తాత నాతో పాటు ఆబిడ్స్ దాకా నడిచి వచ్చి, మెట్లెక్కి, అన్నిటికీ తనే పోసి వెళ్ళేవాడు. అదే డబ్బా, అదే గుడ్డ.

అమ్మ చాయ్ ఇవ్వడానికి పైకి వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏందే గిది? ఆబిడ్స్‌ల వరి పండిస్తవా? గింత జాగల పాలకూర ఏసినా పప్పుల వడేది" అంది. సంగతి చెబితే చాయ్ గ్లాసు పిట్టగోడ మీద పెట్టింది. తర్వాత, "నీ నౌకరీ పోతది. జర సోంచాయించు" అంది.

"పోతే పోనీ అమ్మా."

"పోతే పోనీ అనుడు అల్కనే. ఆయన చాయ్‌ల చక్కెర ఎంత ఏస్కుంటడో అడుగు" అంది. మా అమ్మ ఒప్పుకోవడం అలాగే ఉంటుంది.

నారు మూడు ఆకులు వేశాక, దాచిన మచ్చల ఆకును తడి దూది మీద ఉంచి, బూజు లేచాక దారంతో డబ్బాల పైన అడ్డంగా వేలాడదీశాను. బేగం బజార్ నుంచి తెచ్చిన గోనెలు తడిపి సాయంత్రాలు కప్పేదాన్ని. ఐదో రోజు పొద్దున గోనె తీసి చూశాను. పొడుగువాటి మీద మచ్చలు మొదలయ్యాయి. వారానికి ఆ ఆరు డబ్బాల్లోనూ కండెల్లాంటి మచ్చలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. పక్కనే ఉన్న పొట్టివాటిలో మచ్చలు లేవని చెప్పను. ఉన్నాయి. చిన్నగా, ఆవగింజల్లా వచ్చి అక్కడే ఆగిపోయాయి. తాత రోజూ వాటిని చూసేవాడు. ఆయన వేళ్ళు ఆకుల దాకా వెళ్ళేవి. నేను గట్టిగా దగ్గేదాన్ని. వేళ్ళు వెనక్కి వెళ్ళేవి.

ఎందుకలా జరిగిందో అప్పుడు నాకు తెలియదు. తెలిసినట్టు ఇప్పుడు గొప్పలు చెప్పుకోను. చాలా ఏళ్ళ తర్వాత చదివి తెలుసుకున్నదేమిటంటే, మొక్క కూడా మనలాగే ఉన్నదాంట్లోనే సంసారం నడుపుకుంటుంది. పెరగడానికీ, రోగంతో పోరాడడానికీ రెంటికీ దాని దగ్గర ఉన్న శక్తి ఒక్కటే. ఆ శక్తి ఎటు పోవాలో లోపలి హార్మోన్లు తమలో తాము తేల్చుకుంటాయి. పెరుగు పెరుగు అని ఒకదాన్ని మనం పైనుంచి గుమ్మరిస్తే, కాపలా కాసే వాటి మాట చెల్లదు. ఆస్పిరిన్‌కు దగ్గరి చుట్టమైన పదార్థమొకటి మొక్క తనంతట తానే తయారుచేసుకుని రోగం వచ్చిందని ఒళ్ళంతా చాటుకుంటుందట. అన్ని తెగుళ్ళకూ, అన్ని పైర్లకూ ఒకటే తీరు కాదు, ఒక హార్మోను ఒక రోగానికి అడ్డమైతే ఇంకో రోగానికి దారి ఇస్తుంది. వరికీ అగ్గితెగులుకూ మాత్రం తాత గోరు చెప్పిందే నిజం. అది చదివిన రోజున కుర్చీలోంచి లేచి నిలబడ్డాను, వినడానికి ఎవరూ లేకపోయినా "చూశారా!" అని పైకే అన్నాను.

తనిఖీకి రెండు రోజుల ముందు పెద్దసారు రిజిస్టరు తెప్పించుకున్నారు. ఆయన రాయమన్న చోట నేను ఇలా రాశాను: "ముందు రాసిన 'మచ్చలు లేవు' అన్నమాట తప్పు. మచ్చల ఆకులు గిల్లివేయబడినవి. పొడుగు నారులోనే గిల్లవలసి వచ్చినది. నీళ్ళు రెండింటికీ ఒకే చెయ్యి పోసినది." కింద సంతకం పెట్టాను. ఆయన చదివి, "నేను చెప్పింది ఇది కాదే" అన్నారు. మిద్దె మీది డబ్బాల సంగతి చెప్పాను.

"ఇంటి మిద్దె మీద పెంచినవి లెక్కలోకి రావమ్మా" అన్నారు.

"ఆగి చూడకుండా తగలబెట్టినవి లెక్కలోకి వచ్చాయి కదా సార్. వాటితోనే కదా ఆయన నౌకరీ తీసేస్తున్నారు" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. పక్క గదిలో టైపు మిషను ఆగిపోయింది. ఆయన రిజిస్టరు మూసి నా వైపు తోశారు.

తర్వాత ఏమైందో ముందే చెప్పేస్తాను, ఊరించడం నాకు చేతకాదు. ఆ ఏడాది పర్మినెంటు జాబితాలో తాత పేరు నిలిచింది. కరపత్రం అచ్చుకు వెళ్ళలేదు. నన్ను మాత్రం విత్తనాల సంచులకు చీటీలు రాసే గదికి మార్చారు. ఏం బాధ లేదని అబద్ధం చెప్పను. కుండీలు కనపడని ఆ గదిలో చాలా ఏడ్చాను. కానీ ఆ పొద్దుటి సంగతి చెప్పకుండా ఇది ముగించలేను.

తనిఖీ రోజు పొద్దున్నే రెండు సైకిల్ రిక్షాలు మాట్లాడి, పన్నెండు డబ్బాలూ ఎక్కించుకుని, నేనొక దాంట్లో, తాత ఒక దాంట్లో ఆబిడ్స్ నుంచి బయలుదేరాం. దారిన పోయేవాళ్ళు ఆగి మరీ చూశారు. వరండాలో పొడవాటి బల్ల మీద కొత్త నారు కుండీలు అలంకరించి ఉన్నాయి. బూజును చంపే మందు పదే పదే కొట్టి అద్దాల గదిలో కాపాడుకొచ్చిన ఎత్తయిన నారు. దాని ముందు మా డబ్బాలు వరసగా పెట్టాం. గేటు దగ్గర కారు చప్పుడైంది. అప్పుడే వరండాలోకి వచ్చిన పెద్దసారు డబ్బాలు చూసి నిలువునా బిగుసుకుపోయారు. తీయించడానికి వేళ లేదు.

"మాలీ, ఆ మచ్చల ఆకులు గిల్లెయ్. తొందరగా!" అన్నారు.

తాత చెయ్యి ముందుకు వెళ్ళింది. యాభై ఏళ్ళ అలవాటు అది. బొటనవేలు, చూపుడువేలు ఒక మచ్చల ఆకును పట్టుకున్నాయి కూడా. మెట్ల మీద బూట్ల చప్పుడు దగ్గరకొస్తోంది. నేను దగ్గలేదు. ఎందుకో ఆ రోజు దగ్గబుద్ధి కాలేదు.

తాత ఆకును వదిలేశాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

"గిల్ల సార్. జూడనియ్యండ్రి" అన్నాడు.

ఢిల్లీ నుంచి వచ్చిన పెద్దాయన కళ్ళద్దాలు పెట్టుకుని బల్ల మీదికి వంగాడు. పొడుగు ఆకును చూశాడు, పక్క డబ్బాలో పొట్టి ఆకును చూశాడు, మళ్ళీ పొడుగుదాన్ని చూశాడు. తల ఎత్తకుండానే, వీటికి నీళ్ళు పోసిందెవరని ఉర్దూలో అడిగాడు. నేను నోరు తెరిచేలోపే తాత ఒక అడుగు ముందుకు వేశాడు. అంత పెద్దమనిషి ఉర్దూలో అడిగిన ప్రశ్నకు తెలుగులోనే జవాబిచ్చాడు.

"నేనే వోసిన సార్. అన్నిటికి నేనే వోసిన."